బ్రెవే సైకిల్ ఫ్రేమ్‌కి స్టీల్ ట్యూబ్: ముందు కొలత, తర్వాతే గ్రేడ్

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ బరువు 84 కిలోలు, ఎత్తు ఐదడుగుల పదకొండంగుళాలు. హైదరాబాద్ చుట్టుపక్కల 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు) తొక్కుతున్నారు, 600 దాకా వెళ్లాలనుంది. డిస్క్ బ్రేకులు, వెనక క్యారియర్, 32 మి.మీ. టైర్లు పట్టేలా ఒక స్టీల్ ఫ్రేమ్ చేయించుకోవాలి. బాలానగర్‌లో టిగ్ వెల్డింగ్ శుభ్రంగా చేసే మనిషి దొరికాడు. ఇక ట్యూబ్ దగ్గరే ఆగిపోయారు. ఒకరు రేనాల్డ్స్ కంపెనీ ఖరీదైన సైకిల్ ట్యూబ్ 853 తప్ప ఇంకేదీ వద్దన్నారు, ఇంకొకరు రాణీగంజ్‌లో దొరికే మామూలు ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) పైపు చాలన్నారు, మూడో ఆయన దగ్గర కాలేజీ బాజా టీమ్ (విద్యార్థులు చిన్న ఆఫ్‌రోడ్ బండి తయారుచేసి దిగే పోటీ జట్టు) వాడగా మిగిలిన 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన స్టీల్) పైపులు ఊరికే పడి ఉన్నాయి. ఈ మూడింట్లో ఏది తీసుకోవాలి అని మీ ప్రశ్న.

నా సమాధానం, మూడూ వద్దు. మీకు కావాల్సింది 0.9 మి.మీ. గోడ ఉన్న నార్మలైజ్డ్ (వేడిచేసి గాలికి చల్లార్చిన) 4130 ట్యూబ్, లేదా డబ్బు, ఓపిక ఉంటే 0.9/0.6/0.9 బట్టెడ్ (చివర్లు మందం, మధ్య పలచన) క్రోమోలీ సెట్. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే దుకాణంలో ఇంకో సైజు దొరికినప్పుడు కూడా మీరే తేల్చుకోగలరు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గేటుకి వాడే ఎమ్మెస్ అయినా, 4130 అయినా, 853 అయినా, వంగకుండా నిలబడే గుణం దాదాపు ఒక్కటే. యంగ్స్ మాడ్యులస్ అన్నిటికీ 200 నుంచి 210 గిగాపాస్కల్స్ మధ్యనే ఉంటుంది, సాంద్రత కూడా అన్నిటికీ ఘన సెంటీమీటరుకి 7.85 గ్రాముల దగ్గరే. కాబట్టి ఒకే బయటి కొలత, ఒకే గోడ మందం ఉన్న రెండు ట్యూబులు తీసుకుని, ఒకటి చవక రకం, ఒకటి ఖరీదైన రకం, రెండిటితో రెండు ఫ్రేములు కట్టి, ఒకే రంగు వేసి ఇస్తే ఎంత అనుభవం ఉన్న రైడరైనా తొక్కి తేడా చెప్పలేడు. "853 ఫ్రేమ్ స్ప్రింగులా లాగుతుంది" అని ఎవరైనా అంటే, ఆ లాగడం ఆ ట్యూబ్ పలచగా ఉండడం వల్ల, ఆ సైకిల్‌కి వేసిన టైర్ల వల్ల. లోహం పేరు వల్ల కాదు.

మరి గ్రేడ్ ఎందుకు? బలం కోసం. మామూలు ఎమ్మెస్ ట్యూబ్ 350 నుంచి 450 మెగాపాస్కల్స్ దగ్గర తెగిపోతుంది. విమానాల పనికి వచ్చే నార్మలైజ్డ్ 4130కి కనీసం 655 ఉండాలని స్పెసిఫికేషన్. 853 అయితే 1200 దాటుతుంది. బలం ఎక్కువ కాబట్టి గోడ పలచన చేయొచ్చు, గోడ పలచనైతే బరువు తగ్గుతుంది. బలమైన స్టీల్ కొని మందంగా వాడితే ఆ డబ్బు దండగ, బలహీనమైన స్టీల్ కొని పలచగా వాడితే ప్రమాదం. గ్రేడ్, గోడ మందం ఈ రెండూ ఎప్పుడూ జతగానే చూడాలి.

ఇంతకంటే ముఖ్యమైంది బయటి కొలత. పలచటి గోడ ఉన్న గుండ్రటి ట్యూబ్‌కి బరువు వ్యాసంతో పాటు పెరుగుతుంది, బిగువు, అంటే వంగకుండా నిలబడే గుణం, మాత్రం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. లెక్క వేసి చూడండి. 28.6 మి.మీ. బయటి కొలత, 0.9 గోడ ఉన్న డౌన్ ట్యూబ్ (హ్యాండిల్ దగ్గర్నుంచి పెడల్ ఇరుసుకి దిగేది) తీసేసి, దాని బదులు 31.8 బయటి కొలత, 0.7 గోడ వేస్తే బరువు సుమారు 13 శాతం తగ్గుతుంది, బిగువు 10 శాతం పెరుగుతుంది. రెండు వైపులా లాభమే. పాత ఇంగ్లీష్, ఇటాలియన్ రేసు సైకిళ్లలో టాప్ ట్యూబ్ (పైన అడ్డంగా ఉండే కమ్మీ) 25.4, డౌన్ ట్యూబ్, సీట్ ట్యూబ్ (సీటు కింద నిలువుగా ఉండేది) 28.6 ఉండేవి. ఆ తర్వాత ఓవర్‌సైజ్ అని 28.6 టాప్, 31.8 డౌన్ మామూలైపోయింది. మీ ఎత్తుకి, బరువుకి, క్యారియర్ మీద సామానుకి పాత కొలతలు అస్సలు వద్దు. ఎవరైనా "క్లాసిక్ లుక్" అని 25.4 టాప్ ట్యూబ్ అంటగడితే నిర్మొహమాటంగా వద్దనండి.

ఇక్కడ షిమ్మీ గురించి కాస్త ఆగి చెప్పాలి, బ్రెవే వాళ్లకి ఇది నిజంగా ప్రాణం మీదికొచ్చే విషయం. పెద్ద ఫ్రేమ్, సన్నటి టాప్ ట్యూబ్, వెనక క్యారియర్ మీద ఎనిమిది పది కిలోల బ్యాగులు, పొడవైన దిగుడు. ఒక వేగం దగ్గర హ్యాండిల్ తనంతట తానే అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. మీరు గట్టిగా పట్టుకున్న కొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. అలాంటప్పుడు మోకాలిని టాప్ ట్యూబ్‌కి ఆనించి, హ్యాండిల్ మీద పట్టు కాస్త వదిలి, మెల్లగా వేగం తగ్గించాలి. దీనికి కారణాలు చాలా ఉంటాయి, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులు కావడం దగ్గర్నుంచి సామాను సర్దిన తీరు దాకా. కానీ ఫ్రేమ్ వైపు నుంచి మనం చేయగలిగింది ముందూ వెనకా కలిపే భాగం మెలితిరగకుండా చూడడం, అంటే టాప్, డౌన్ ట్యూబుల వ్యాసం పెంచడం. అందుకే మీకు టాప్ ట్యూబ్ 28.6, డౌన్ ట్యూబ్ 34.9 చెప్తున్నాను. క్యారియర్ లేకుండా తొక్కే 65 కిలోల మనిషైతే 31.8 డౌన్ ట్యూబే చాలనేవాణ్ణి.

ఇప్పుడు బట్టెడ్ ట్యూబ్ అంటే ఏమిటో. ట్యూబ్ రెండు చివర్లా మందంగా, మధ్యలో పలచగా ఉంటుంది, కానీ బయటి కొలత అంతటా ఒక్కటే, తేడా అంతా లోపలే. 0.8/0.5/0.8 అంటే చివర్లు 0.8, మధ్య 0.5. బర్మింగ్‌హామ్‌కి చెందిన రేనాల్డ్స్ వాళ్లు దీనికి 1897లోనే పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి వాళ్లు మేకులు చేసే కుటుంబం. ఆ తర్వాత 1935లో వచ్చిన 531 మాంగనీస్, మాలిబ్డినం కలిసిన స్టీల్, దశాబ్దాల పాటు మంచి సైకిల్ అంటే అదే అన్నట్టు నడిచింది. ఇటలీలో మిలాన్‌లో 1919లో మొదలైన కొలంబస్ వాళ్లది క్రోమ్-మాలిబ్డినం దారి. పేర్లు ఎన్ని మారినా సూత్రం ఒక్కటే. వెల్డింగ్ వేడి తగిలేదీ, వంపు ఒత్తిడి ఎక్కువ పడేదీ చివర్లలో, కాబట్టి లోహం అక్కడే ఉండాలి.

ఇందులో మీకు మిగిలేదెంత? 0.9 స్ట్రెయిట్ గోడ ట్యూబులతో టాప్ 560, డౌన్ 640, సీట్ 520 మి.మీ. పొడవు అనుకుని, ఓవర్‌సైజ్ కొలతలతో లెక్క కడితే ముందు త్రికోణం 1100 గ్రాములు వస్తుంది. అదే 0.8/0.5/0.8 బట్టెడ్‌తో 730 చుట్టూ వస్తుంది. అంటే 370 గ్రాములు ఆదా. మీ డౌన్ ట్యూబ్ మీద నిండుగా పెట్టుకునే పెద్ద నీళ్ల బాటిల్‌లో సగం. 0.9/0.6/0.9 అయితే ఆదా ఇంకా తగ్గుతుంది. రేసుకి ఇది లెక్కలోకి వస్తుంది, సామానుతో 600 కిలోమీటర్లు తొక్కే మనిషికి పెద్దగా రాదు. మొదటి ఫ్రేమ్‌కి స్ట్రెయిట్ గోడ తీసుకుంటే ఏ చివర ఎంత కోసినా పర్వాలేదు. బట్టెడ్‌లో ఒక వైపు ఎక్కువ కోస్తే మందం ఉన్న భాగం పోయి, వెల్డ్ సరిగ్గా పలచటి చోట పడుతుంది. అక్కడి నుంచే పగులు మొదలవుతుంది.

ఎమ్మెస్ పైపు సంగతి. దాన్ని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. మన ఊళ్లలో ఆ నల్ల సైకిల్, వెనక పాల క్యాన్లు, మధ్య కమ్మీ మీద బియ్యం బస్తా, పైన మనిషి, అలా ఇరవై ముప్పై ఏళ్లు లాగిన సైకిళ్లన్నీ మామూలు స్టీల్‌వే. కానీ వాటి ట్యూబ్ గోడ మందం, లగ్గుల్లో (ట్యూబులు కలిసే చోట తొడిగే మూతులు) ఇత్తడి పోసి అతికించిన అతుకులు, పొడవాటి వీల్‌బేస్, వాలుగా ఉండే ఫోర్క్ అన్నీ కలిసి ఆ బలం, ఆ మెత్తదనం వచ్చాయి. బరువు 20 కిలోలు దాటేది. మీరు కోరుకునేది ఆ సైకిల్ కాదు కదా.

పైగా దుకాణంలో ఎమ్మెస్ అడిగితే రెండు చిక్కులు. మొదటిది కొలత. నీళ్ల పైపుల లెక్కలో "అంగుళం పైపు" అంటే అది లోపలి బోరుకి పెట్టిన పేరు, బయట కొలిస్తే 33.7 ఉంటుంది. "ముప్పావు పైపు" బయట 26.9. ఈ రెండూ ఏ సైకిల్ భాగానికీ సరిపోవు, ఫ్రంట్ డిరైలర్ (ముందు గేర్లు మార్చేది) క్లాంప్ బిగవదు, సీట్ పోస్ట్ దిగదు. మీకు కావాల్సింది బయటి కొలతతో అమ్మే ట్యూబ్, పైపు కాదు. రెండోది జీఐ. జింక్ పూత ఉన్న పైపుని వెల్డ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం, ఒళ్లు నొప్పులు ఖాయం, అతుకులో కూడా బుడగలు వస్తాయి. చవకగా వస్తుందని ఎవరిచ్చినా జీఐ ముట్టుకోవద్దు. గేజ్‌లో చెప్తే 16 గేజ్ 1.6 మి.మీ., 18 గేజ్ 1.2, 20 గేజ్ 0.9. నంబరు పెరిగే కొద్దీ గోడ పలచన. ఎమ్మెస్‌తోనే చేయాలి అనుకుంటే 18 గేజ్ కంటే పలచన కాకూడదు, సీమ్ (పొడవునా ఉండే అతుకు) అణిగిన సీడీడబ్ల్యూ ట్యూబ్, అంటే వెల్డ్ చేశాక చల్లగానే లాగి సాఫు చేసింది, అడగండి. లోపల టార్చ్ వేసి చూడండి, పొడవునా గట్టులా గీత కనిపిస్తే అది అలా లాగని మామూలు ఈఆర్‌డబ్ల్యూ (కరెంటుతో అతికించిన ట్యూబ్).

బాజా పైపుల విషయంలో మీకు ఆశ కలగడం సహజం, ఊరికే వస్తోంది, పైగా 4130. కానీ ఆ పోటీ నిబంధనల్లో రోల్ కేజ్ ముఖ్య ట్యూబ్ గోడ కనీసం 1.57 మి.మీ. ఉండాలి. బండి తిరగబడితే లోపలున్న పిల్లాడి తల కాపాడే పని దానిది. ఆ మందంతో మీ ముందు త్రికోణమే 1900 గ్రాములు దాటుతుంది, 0.9తో పోలిస్తే 800 గ్రాములు ఎక్కువ, ఆ అదనపు బలంతో మీకు దమ్మిడీ ప్రయోజనం లేదు. జిగ్ (వెల్డింగప్పుడు ట్యూబుల్ని కదలకుండా పట్టే చట్రం) చేసుకోవడానికో, వెల్డర్ చెయ్యి అలవాటు పడడానికో ఆ ముక్కలు తెచ్చుకోండి. ఫ్రేమ్‌లోకి వద్దు.

853 గురించి. అద్భుతమైన ట్యూబ్, అందులో సందేహం లేదు. వెల్డ్ చేశాక గాలికి చల్లారేటప్పుడు అతుకు పక్కన మెత్తబడకుండా గట్టిపడే రకం, సన్నటి గోడలతో తేలికైన రేస్ ఫ్రేమ్‌కి సరైనది. కానీ మీ అవసరానికి రెండు అభ్యంతరాలు. వెల్డ్ చేసిన అతుకు దగ్గర ఫెటీగ్ బలం, అంటే లక్షల సార్లు ఊగినా పగలకుండా ఉండే గుణం, స్టీల్ గ్రేడ్‌తో పాటు పెద్దగా పెరగదు. అక్కడ నిర్ణయించేది అతుకు ఆకారం, అంచులో గాడి పడిందా లేదా, కోత ఎంత బిగుతుగా కూర్చుంది అనేవే. స్టీల్ ఫ్రేములు విరిగేది కూడా ట్యూబ్ మధ్యలో కాదు, డౌన్ ట్యూబ్ కింది వైపు హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే ముందు గొట్టం) దగ్గర, బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు ఉండే చోటు) పక్కన చైన్ స్టే (అక్కడి నుంచి వెనక చక్రానికి వెళ్లే ట్యూబ్) దగ్గర, డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే ముక్కలు) దగ్గర. రెండోది, అంత పలచటి గోడల మీద పని చేయడానికి వెల్డర్‌కి సైకిల్ ట్యూబ్ అలవాటు ఉండాలి. డెయిరీ ట్యాంకులు, ఫార్మా పైపులు చేసే చెయ్యి ఎంత శుభ్రంగా ఉన్నా, ఇది వేరే పని. ఆ ఖరీదైన ట్యూబ్ మీద నేర్చుకోవడం మొదలుపెట్టించొద్దు.

సరే, మీ ఫ్రేమ్‌కి నేను రాసే కొలతలు ఇవీ. టాప్ ట్యూబ్ 28.6, డౌన్ ట్యూబ్ 34.9, సీట్ ట్యూబ్ 28.6, మూడూ 0.9 గోడ. అంగుళాల్లో అడగాలంటే ఒకటీ ఎనిమిదో వంతు, ఒకటీ మూడెనిమిదులు, గోడ 0.035. విమాన రకం 4130 సరిగ్గా ఇవే సైజుల్లో వస్తుంది, అదే మన అదృష్టం. సీట్ ట్యూబ్ లోపల 26.8 వస్తుంది కాబట్టి 26.8 సీట్ పోస్ట్ పడుతుంది. వెల్డ్ వేడికి పైభాగం కొంచెం ముడుచుకుంటుంది, రీమర్ (బోరు సరిచేసే పనిముట్టు) వేయించాలి. మార్కెట్‌లో తేలిగ్గా దొరికే 27.2 పోస్టే కావాలంటే సైకిల్ కోసమే చేసిన సీట్ ట్యూబ్ ఒక్కటి విడిగా తెప్పించుకోండి. హెడ్ ట్యూబ్ గోడ మందంగా ఉండాలి, లోపల 34 మి.మీ. బోరు, మామూలు ఒకటీ ఎనిమిదో వంతు అంగుళం స్టీరర్‌కి (ఫోర్క్ పైన ఉండే గొట్టం). మీరు కొనే ఫోర్క్ టేపర్డ్, అంటే ఆ గొట్టం కింద లావుగా ఉన్నది, అయితే 44 బోరు. చైన్ స్టేలు 22.2 బయటి కొలత, 0.8 గోడ, టైర్ దగ్గర నొక్కినవి, సైకిల్ కోసం తయారైనవే కొనండి. వీటిని ఇంట్లో నొక్కి వంచే ప్రయత్నం వద్దు. సీట్ స్టేలు (సీటు దగ్గర్నుంచి వెనక చక్రానికి దిగేవి) 16, గోడ 0.8, ఎందుకంటే డిస్క్ బ్రేక్ బలమంతా ఎడమ వైపే పడుతుంది. బాటమ్ బ్రాకెట్ షెల్ 68 వెడల్పు, మర ఉన్నది. ఫోర్క్ మాత్రం కచ్చితంగా రెడీమేడ్ కొనండి. ఫ్రేమ్ పగిలితే చాలాసార్లు ముందే చప్పుడు చేస్తుంది, ఫోర్క్ విరిగితే ముఖం మీదే పడతారు.

4130 అని చెప్పి ఏదో ఒకటి అమ్మే వాళ్లున్నారు. మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (తయారుచేసిన మిల్లు ఇచ్చే పరీక్ష కాగితం) అడగండి. కార్బన్ 0.28 నుంచి 0.33, క్రోమియం 0.80 నుంచి 1.10, మాలిబ్డినం 0.15 నుంచి 0.25 శాతం ఉండాలి, కండిషన్ "నార్మలైజ్డ్" అని ఉండాలి. హీట్ నంబరు (ఆ స్టీల్ ఏ పోతలోదో చెప్పేది) ట్యూబ్ మీద ఉన్నదీ, కాగితం మీద ఉన్నదీ ఒకటేనా చూడండి. తర్వాత ట్యూబ్‌ని గాజు బల్ల మీద దొర్లించండి, కింద వెలుతురు సన్నగా ఆడుతూ కనిపిస్తే వంకర ఉన్నట్టు. గోడ మందాన్ని వెర్నియర్‌తో మూతి దగ్గర నాలుగు వైపులా కొలవండి. ఒక వైపు 0.9, ఎదురు వైపు 0.75 వస్తే ఆ ముక్క వద్దు. బట్టెడ్ ట్యూబ్ అయితే మూతి దగ్గరి కొలత చివరి మందమే చెప్తుంది, మధ్య సంగతి చెప్పదు. గోటితో పొడవునా తడుతూ పోతే మధ్యలోకి వచ్చేసరికి మోత మారడం వినిపిస్తుంది.

వెల్డర్‌తో మాట్లాడాల్సినవి కొన్ని ఉన్నాయి. ట్యూబ్ మూతి చేప నోరులా కోసి, ఆకురాయితో సరిచేసి, ఎదురు ట్యూబ్ మీద పెడితే వెలుతురు దూరకూడదు. సందు ఉంటే రాడ్‌తో నింపేద్దాం అనే మాట రానివ్వొద్దు, పలచటి గోడ మీద సందు నింపడమంటే వేడి రెట్టింపు పోయడమే. ఫిల్లర్ (అతుకులో కరిగించే రాడ్) ఈఆర్ 70ఎస్-2 లేదా ఈఆర్ 80ఎస్-డీ2. ట్యూబుల లోపల ఆర్గాన్ నింపితే మంచిది. అన్నిటికంటే ముఖ్యం, అతుకు వేశాక తడిగుడ్డ వేయడం, నీళ్లలో ముంచడం చేయకూడదు. ఎమ్మెస్ పనిలో చాలామందికి అలవాటు అది. 4130ని అలా చల్లారిస్తే అతుకు పక్కన గాజులా పెళుసెక్కుతుంది. ఫ్యాన్ కూడా ఆపేసి, కదలని గాలిలో తనంతట తాను చల్లారనివ్వాలి. ఇంకో అలవాటు, "బలం కోసం" హెడ్ ట్యూబ్ కింద త్రికోణం ప్లేట్ వేయడం. మీ ఫ్రేమ్‌కి అది అక్కర్లేదు. ప్లేట్ ఎక్కడ ముగుస్తుందో అక్కడికి ఒత్తిడి జరుగుతుంది, అంతే.

స్టీల్ కదా, రోడ్డు కుదుపులు తాగేస్తుందనే మాట మీ ప్రశ్నలో కూడా ఉంది. రెండు త్రికోణాల ఫ్రేమ్ నిలువుగా వంగేది చాలా తక్కువ, టైర్ అణిగేదాంతో పోలిస్తే లెక్కలోకి రాదు. 32 టైర్‌కి చోటు ఉంచుతున్నారు కదా, వీలైతే 35 పట్టేలా చైన్ స్టేల మధ్య సందు ఉంచండి. మన రోడ్లకి మీరు తీసుకునే అన్ని నిర్ణయాల్లోకీ అదే ఎక్కువ సుఖాన్నిస్తుంది.

తుప్పు గురించి రెండు మాటలు. పౌడర్ కోటింగ్ బయటే ఉంటుంది, లోపలికి వెళ్లదు. వానలో తొక్కితే సీట్ పోస్ట్ పక్క నుంచి నీళ్లు దిగి బాటమ్ బ్రాకెట్‌లో నిలుస్తాయి. షెల్ కింద చిన్న బెజ్జం పెట్టించండి. పెయింట్ అయ్యాక అవిసె నూనె, మరిగించిన రకం, ట్యూబుల్లో పోసి అన్ని వైపులా తిప్పి, మిగిలింది వంపేసి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లైతే ప్రతి రెండేళ్లకీ ఇది చేయాలి. నూనె పూసిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో తడిపి పారేయండి.

ట్యూబులు చేతికొచ్చాక ఫ్రేమ్ మొదలుపెట్టే ముందు, డౌన్ ట్యూబ్ కోసినప్పుడు మిగిలిన ముక్కని హెడ్ ట్యూబ్ ముక్కకి అదే కోణంలో వెల్డ్ చేయించండి. రెండు చేయించండి. ఒకదాన్ని పొడవుగా కోసి లోపల చూడండి, వెల్డ్ లోపలి దాకా దిగిందా, నల్లగా పొక్కులు వచ్చాయా. రెండోదాన్ని వైస్‌లో బిగించి, పొడవాటి పైపు తొడిగి, వంగేదాకా లాగండి. అతుకు పక్కన ట్యూబ్ మడతపడితే మంచిది. అతుకు గీత వెంబడే చీలితే పని ఆపి, కరెంటు సెట్టింగ్, కోత రెండూ మళ్లీ చూసుకోవాలి. ఆ రెండు ముక్కల ఫోటోలు దగ్గరగా, వెలుతురులో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.